కండువా మీద పడ్డ ఎండ

ఆ కబురు నాకు మొదట తెచ్చింది రాహేలక్క. మిషను ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి నర్సుగా పనిచేసి, ఇప్పుడు పద్మపూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. రాయగడలో బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, చేతిసంచీ కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి అంది:

"అమ్మీ, మన డాక్టరమ్మ ఎల్లిపోయేరు."

ఎక్కడికని నేను అడగలేదు. "బాధ పడ్డారా అక్కా?" అన్నాను.

"లేదమ్మీ. పొద్దున్న టీ తాగి వరండాలో కుర్చీలో కూకున్నారట. ఎండ మీద పడతన్నాదని ఆరి తమ్ముడి కోడలు కుర్చీ జరపడానికి వచ్చి సూస్తే, అప్పటికే అయిపోనాదట. తొంగున్నారనుకున్నాదట పాపం ఆ పిల్ల."

హమ్మయ్య అనుకున్నాను. చావు కబురు విని హమ్మయ్య ఏమిటని మీకు అనిపించవచ్చు. చివరి రోజుల్లో ఆవిడకు చూపు బాగా తగ్గిపోయిందని విన్నప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. బతుకంతా కంటితో పనిచేసిన మనిషి, చీకట్లో తడుముకుంటూ ఇంకెన్నాళ్ళు ఉండాలో అని. దేవుడు ఆ అవసరం రానివ్వలేదు. ఎండలో కూర్చోబెట్టి తీసుకుపోయాడు. రాహేలక్కను లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాను. ఇద్దరం మోకరించి స్తుతి చెల్లించుకున్నాం. తరవాతే ఏడ్చాం.

ఆవిడ పేరు నేనిక్కడ రాయడం లేదు. ఎందుకో చివర చెబుతాను. ఆ ఆసుపత్రికి వచ్చేవాళ్ళెవరూ ఆవిడను పేరుతో ఎరగరు కూడా. మా తెలుగువాళ్ళకు డాక్టరమ్మ, కొండమనుషులకు డాక్టర్ మా.

పొట్టి మనిషి. ముతక తెల్లచీర, కొంగు నడుముకు బిగించి దోపుకునేది. ఎడమ కంటి చుట్టూ ఎప్పుడూ ఒక గుండ్రటి నొక్కు ఉండేది, గాజు తొడుక్కుని తీసేసిన చేతికి ఉన్నట్టు. మైక్రోస్కోపు గొట్టానికి కన్ను ఆనించీ ఆనించీ పడిన నొక్కు అది. పైకం పెట్టి నేర్చుకున్న ఏ విద్యా లేనిదాన్ని నేను. మా నాన్నగారు ఇంట్లోనే పీట మీద కూర్చోబెట్టి బైబిలు మీద నాకు అక్షరాలు దిద్దించారు. అందుచేత మైక్రోస్కోపు అనే వస్తువును మొదటిసారి అక్కడే చూశాను. కుట్టుమిషను కన్నా చిన్నది, ఇత్తడిది, కింద ఒక బుల్లి అద్దం. ఆ అద్దాన్ని తిప్పి వెలుగును పట్టి పైకి పంపితే, గాజుపలక మీద ఉన్నది కంటికి ఆనుతుంది. ఆసుపత్రికి కరెంటు ఉందనే పేరే గాని, బల్బు గుమ్మడిపువ్వు రంగులో మినుకుమినుకుమనేది. అందుకని ఆవిడ పగటి వెలుగునే నమ్ముకుంది. సూర్యుణ్ణి నేరుగా అద్దంలోకి పట్టకూడదట, కన్ను పాడవుతుందట. పెరట్లో దండెం మీద ఒక తెల్లదుప్పటి కట్టించి, దాని మీద పడ్డ ఎండను అద్దంలోకి తీసుకునేది. పొద్దున్న తూర్పు కిటికీ దగ్గర ఉన్న బల్ల, మధ్యాహ్నానికి వరండాలోకి, సాయంత్రానికి పడమటి మెట్ల మీదకి వచ్చేసేది. "డాక్టరమ్మ ఎక్కడ?" అని అడిగితే, "ఎండెక్కడుందో సూసుకో" అనేవాళ్ళు ఆసుపత్రిలో.

ఒక కన్ను గొట్టంలో ఉన్నా రెండో కన్ను మూసేది కాదు. ఒకసారి అడిగితే, "ఒకటి రోగం సూస్తాది, ఇంకోటి ఎవులొస్తన్నారో సూస్తాది" అంది. చూస్తున్నంతసేపూ కీర్తన కూనిరాగం తీసేది. రాగం ఒకటి, తాళం ఇంకోటి. ఆదివారం గుడిలో ఆవిడ పాడుతుంటే పక్కవాళ్ళు దారి తప్పేవారు. అయినా వరండాలో కూర్చున్న రోగుల తాలూకు మనుషులందరూ ఆ కూనిరాగాన్ని చెవులప్పగించి వినేవారు. ఎందుకంటే అది ఆగిందంటే, ఆవిడ కంటికి ఏదో దొరికినట్టు.

ఇవన్నీ తీరిగ్గా గమనించే స్థిమితం అప్పుడు నాకు లేదు. మా రెండోవాడు ఆనందును ఒళ్ళో వేసుకుని వెళ్ళాను నేను.

డెబ్బైల మొదటి మాట. మావారు రాయగడలో తెలుగు బడి మాస్టారు. ఆనందుకు అయిదేళ్ళు. వానలు పట్టినప్పటి నుంచీ పిల్లవాడు మెత్తబడ్డాడు. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చగా ఉండేది. ఆటలు మానేశాడు. వెలుతురు చూస్తే ఏడిచేవాడు. మా కొండల్లో జ్వరం అంటే మన్యం జ్వరమే, మందంటే క్వినైనే. రాయగడలో అదే వేశారు. తగ్గినట్టే తగ్గి వాంతులు పట్టుకున్నాయి. ఒక పొద్దున్న పాలు పట్టడానికి తల ఎత్తబోతే మెడ వంగలేదు. నల్లగుడ్డు ఒకటి ముక్కువైపు తిరిగిపోయి ఉంది. ఆ పూటే ఫిట్సు వచ్చింది. దొరికిన మొదటి బస్సుకు మిషను ఆసుపత్రికి బయల్దేరాం.

డాక్టరమ్మ వాడి వేలు గుచ్చి రక్తం గాజుపలక మీద పూసింది. కూనిరాగం ఎంతోసేపు సాగకుండానే ఆగింది.

"మలేరియా పురుగు ఉన్నాది" అంది.

మా మాస్టారు తేలిగ్గా ఊపిరి వదిలారు. "అంటే క్వినైనే కదండీ, ఇంకో నాలుగు రోజులు వేస్తే..."

"ఉన్నాదన్నాను మాస్టారూ. అదే సేసిందని అన్లేదు."

"దొరికింది కదండీ?"

"మీ ఇంట్లో దొంగలు పడ్డారనుకోండి. మీరు వీధిలోకి పరిగెత్తేరు. రోజూ కనబడీ మనిషే ఎదురుగా కనబడ్డాడు. ఆడ్ని పట్టుకుని కొట్టేస్తారేటి? ఈ కొండల్లో సగంమంది పిల్లల రక్తంలో ఆ పురుగు తిరుగుతానే ఉంటాది. ఆడుకునే గుంటల్ని గుచ్చి సూసినా కనబడతాది."

తరవాత నా వైపు తిరిగింది. "అమ్మీ, ఈడి ఎన్నుపూసలోంచి నీరు తియ్యాల. బిడ్డని మడిచి పట్టుకోవాల, మోకాళ్ళు గెడ్డానికి తగలాల. కడుపులో ఉన్నప్పుడు ఎలగున్నాడో అలగ. పట్టుకోగలవా?"

పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో నాకు తెలియదు. బలం నాది కాదు.

చుక్కచుక్కగా కాదు, కాస్త ధారగానే వచ్చింది నీరు. రెండు చిన్న గాజు గొట్టాల్లో పట్టింది. బావినీళ్ళలా తేటగా ఉంది. మంచినీళ్ళలా ఉంది కదా, భయం లేదేమో అనుకున్నాను. నా మొహం చూసి గ్రహించింది కాబోలు, "తేటగా ఉన్నాదని సంబరపడకు" అంది. ఒక గొట్టంలోంచి చుక్క తీసి, సన్నటి గళ్ళు గీసిన గాజుపలక మీద వేసి, కన్ను ఆనించింది. చాలాసేపు చూసి, కన్ను తియ్యకుండానే చెప్పుకుపోయింది:

"మన ఒంట్లో కాపలా కాసీ తెల్లకణాలు ఉంటాయమ్మీ. మెదడు సుట్టూ ఉన్న ఈ నీటిలో అవి దాదాపు ఉండకూడదు. ఇక్కడ గుంపులుగున్నాయి. చీము పట్టే జొరమైతే, ముందు గబగబా పరిగెట్టుకొచ్చే రకం ఒకటున్నాది, అది కనబడాల. ఇవి అవి కావు. ఇవి సిన్నవి, గుండ్రంగా మినపగింజల్లాగున్నాయి. నెమ్మదిగా వచ్చి కూకుని పోరాడీ రకం. ఇవి ఇంతమంది వచ్చేరంటే, లోపలున్నవోడు మొండోడు, చాలా దినాల బట్టి ఉన్నవోడు."

"ఎవరమ్మా వాడు?"

"సూసిందే సెప్తాను. సూడందానికి నా దగ్గిర మాట లేదు."

అది ఆవిడ మాట. ఎవరికైనా అదే చెప్పేది.

కాని చెయ్యి ఊరుకోలేదు. అనుమానం మీదనే ఆ సాయంత్రం స్ట్రెప్టోమైసిన్ సూది మొదలుపెట్టింది. రెండో గొట్టాన్ని కిటికీ పక్కన చెక్కలో నిలబెట్టి, దాన్ని పొద్దున్న దాకా ఎవరూ ముట్టుకోకూడదని అందరికీ చెప్పింది. కదలకుండా ఉంచితే అందులో ఏదైనా గూడు కడుతుందేమో చూడాలట.

తెల్లారి నన్ను పిలిచి చూపించింది. నిజమే, ఆ తేట నీళ్ళ మధ్యలో సాలెగూడు ఒకటి వేలాడుతోంది. మంచు పట్టిన పొద్దున కంచె మీద కనబడుతుందే, అంత పలచన. "శత్రువు ఉంటే దీన్లోనే సిక్కుకుని ఉంటాడు. దీన్ని ముక్కలవకుండా తీసి, పలక మీద పరిచి, రంగేసి సూడాల" అంది. అంతలో పురిటి గదిలోంచి కేక వచ్చింది. పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడు వచ్చారు మా సంఘపెద్ద. రాయగడలో మా గుడికి ఆయనే ఆధారం. తెల్లపంచె, భుజాన తెల్లకండువా, గంభీరమైన గొంతు. జబ్బుగా ఉన్నవాళ్ళ తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చెయ్యడం మాకు ఆచారం. పాపం ఆయన మా కోసమే మొదటి బస్సు పట్టుకుని వచ్చారు. ఆనందు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. తరవాత, "తీసిన నీరెక్కడ?" అని అడిగితే రాహేలక్క చూపించింది. "ముట్టకండి పెద్దయ్యా" అని ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన ఆ గొట్టాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఆకాశం వైపు ఎత్తి, కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు. ఆయన ప్రార్థన నెమ్మదిగా సాగే రకం కాదు. గొంతు హెచ్చేకొద్దీ చేతులూ ఊగాయి.

డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ తిరిగి వచ్చేసరికి ఆయన ఇంకా ఆమెన్ దాకా రాలేదు. ఆవిడ వాకిట్లోనే ఆగిపోయింది. ఆమెన్ అయ్యేదాకా ఓపిక పట్టి, గొట్టం తీసుకుని కంటి దగ్గర పెట్టుకుంది. గూడు లేదు. చిరిగి ఉండగట్టుకుని అడుక్కి దిగిపోయింది.

"పెద్దయ్యగారూ, దేవుడికి సూపిద్దామని పైకెత్తేరా? ఆయనకి కిందున్నా కనబడతాదండీ."

ఆయనకు విషయం అర్థమైంది. మొహం పాలిపోయింది. "తప్పయిపోనాది తల్లీ. ఇందులోనే బిడ్డ పేనమున్నాదన్నారు. నాను సూస్తా ఎలగ ఊరుకోను?"

"మీ ప్రార్థన నాకు కావాలండీ. మీ సెయ్యే ఒద్దు."

"మళ్ళీ నీరు తియ్యరాదాండీ?" అన్నారు మా మాస్టారు.

ఆవిడ తల అడ్డంగా ఊపి మమ్మల్ని కూర్చోమంది. "తలలో ఒత్తిడి ఎక్కువగున్నాది. ఎంటనే మళ్ళీ తీస్తే పేనం మీదకి రావొచ్చు. సూదిమందు ఎలాగూ పడతన్నాది. కాని అదొక్కటీ సాలదు. సూడండి, ఇప్పుడీడి మెదడు నొక్కీది శత్రువొక్కడే కాదు, మనవోళ్ళు కూడాను. ఇరుకింట్లో మనిషికి బాగులేదని తెలిసి ఊళ్ళో చుట్టాలందరూ ఒచ్చి పడ్డారనుకోండి. అందరూ మంచి కోరి ఒచ్చినోళ్ళే. కాని గాలాడదు. ఆ గాలాడక పోతాడు మనిషి. ఆళ్ళని కాస్త నెమ్మదించే మాత్రలు నా దగ్గిరున్నాయి."

"అయితే వెయ్యండి తల్లీ" అన్నాను.

"కాపలావోళ్ళని తొంగోబెట్టీ మాత్రలమ్మీ అవి. లోపలున్నది ఎవుడో తెలిసి, ఆడికి తగ్గ మందు పడతంటేనే అవి వెయ్యాల. నాననుకున్నోడు కాకుండా ఇంకోడున్నాడా, ఇల్లు తలుపులు తీసి అప్పగించినట్టే."

ఆనందు అప్పటికి పిలిస్తే పలకడం లేదు. గిల్లితే మాత్రం మూలిగేవాడు.

ఆవిడ సూదిమొనతో ఆ ఉండలోంచి పోగులు పట్టి, గాజుపలక మీద అంటించి ఆరబెట్టింది. ఎర్రరంగు పోసి, కింద స్పిరిట్ దీపం పెట్టి ఆవిరి లేచేదాకా కాచింది. ఆమ్లంతో కడిగింది. అన్నీ ఎరుపు వదిలేస్తాయట, ఆ క్రిమి ఒక్కటే వదలదట. పైన నీలంరంగు వేసింది. ఇక చూడడమే. తీరా చూస్తే వెలుగు లేదు. వానాకాలం. దుప్పటి రాత్రి వానకు తడిసి బూడిదరంగులో వేలాడుతోంది. మబ్బుల మధ్య ఎండ కాసేపు ఇటు, కాసేపు అటు పడుతోంది.

డాక్టరమ్మ చుట్టూ చూసింది. ఆవిడ చూపు పెద్దయ్యగారి భుజం మీద ఆగింది.

"పెద్దయ్యగారూ, మీ కండువా తెల్లగున్నాది. ఎండలో నిలబడి రెండు చేతులా పరిచి పట్టుకోండి. ఎటు ఎండొస్తే అటు నడండి."

ఆయన వెంటనే పెరట్లోకి దిగి కండువా పరిచి పట్టుకుని నిలబడ్డారు. "కొంచెం ఎడమకి. ఎత్తండి. ఆఁ, అక్కడే. దించకండి." మబ్బు కమ్మితే ఆగేవారు. అల్లంత దూరాన ఎండ పొడ కనబడితే బురదలో గబగబా నడిచి అక్కడ నిలబడేవారు. బల్లను నేనూ మా మాస్టారూ అటు జరిపేవాళ్ళం. వరండాలో ఉన్న కొండమనుషులకు ఈ తంతు ఏమిటో బోధపడలేదు. ఒక ముసలామె దేశియా అనే తమ కొండభాషలో ఏదో అంది, అందరూ గొల్లుమన్నారు. ఏమందని రాహేలక్కను అడిగాను.

"ఈ తాతకి బట్ట ఆరేసుకోడానికి తాడు కూడా లేదేటీ అంటన్నాది."

పెద్దయ్యగారు విన్నారు. "నవ్వండమ్మా, నవ్వండి. బిడ్డ బతికితే అదే సాలు" అన్నారు, చేతులు దించకుండా. నేనూ నవ్వేశాను. ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకున్నాను.

కూనిరాగం సాగుతూనే ఉంది. ఒక కీర్తన అయిపోయి ఇంకొకటి. మధ్యాహ్నం దాటింది. ఆవిడ అన్నానికి లేవలేదు. పెద్దయ్యగారి కండువా ఒక పక్కకి వాలిపోతోంది. మా మాస్టారు వెళ్ళి కండువా ఒక కొస అందుకున్నారు.

రాగం ఆగింది.

చరణం మధ్యలో, మాట మధ్యలో ఆగింది. వరండా అంతా తెలిసిపోయినట్టు మాటలు మానేసింది. ఆవిడ మర తిప్పింది. కన్ను తీసి తుడుచుకుంది. మళ్ళీ ఆనించింది. నాకు లోపలి నుంచి ఒక్క ప్రార్థన కూడా రాలేదు. దేవుడి పేరు మాత్రం వచ్చింది.

"అమ్మీ, ఇలగొచ్చి సూడు. నీ బిడ్డలోది నువ్వు సూడాల."

ఎవరికైనా అంతే ఆవిడ. ముందు చూపించేది, తరవాత చెప్పేది. కన్ను ఆనించాను. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనబడ్డాయి. "రెప్పలార్పకు, దగ్గిరకి రా" అంది. నీలం మెల్లగా తేరుకుంది. ఆ నీలంలో సన్నగా, కాస్త వంపుగా, ఎర్రదారం పోగు ఒకటి. పక్కనే ఇంకొకటి.

"కనబడిందా?"

"ఎర్రగా..."

"అదే. క్షయ. మెదడు పొరల్ని పట్టింది. పెద్ద జబ్బేనమ్మీ, దాచను. కాని ఇందాక దాకా పేరు లేని భయం, ఇప్పుడు పేరున్న భయం. పేరున్నదానికి మందున్నాది." లేచి నిలబడింది. నడుం పట్టేసింది కాబోలు, బల్ల పట్టుకుంది. "రాహేలూ, మాత్రలు తే."

పెరట్లోంచి పెద్దయ్యగారి గొంతు వినబడింది. "దించొచ్చా తల్లీ?"

"దించండి. ఇప్పుడు మీ గొంతెంతుంటే అంతా ఎత్తి ప్రార్థన సెయ్యండి, ఎవులూ ఒద్దనరు."

ఆ తరవాత కొన్నాళ్ళు ఆనందు అలాగే ఉన్నాడు. ఒక పొద్దున్న వాడి నల్లగుడ్డు నా చేతి గాజుల వెంట కదిలింది. మరునాడు, "అమ్మా, గంజొద్దు, అన్నం" అన్నాడు. ఈ రెండు మాటలకూ నేను చేసినన్ని స్తోత్రాలు నా పెళ్ళికి కూడా చెయ్యలేదు. నెలల తరబడి సూదులు పడ్డాయి. ఆ మందు వాడి చెవిలోపల, ఒళ్ళు తూలకుండా నిలిపే చోట, కొంచెం తీసుకుంది. ఇప్పటికీ చీకట్లో గోడ పట్టుకుని నడుస్తాడు. పట్టుకోనీ. నడుస్తున్నాడు. కొరాపుట్‌లో ఆఫీసులో పని, ఇంట్లో ఇద్దరు పిల్లలు.

మందులు ముగిసిన నాడు, జంతికలు చేసి డబ్బాలో పోసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. బల్ల అప్పుడు పడమటి మెట్ల మీద ఉంది. "రోజూ ప్రార్థనలో మీ పేరు తలుచుకుంటాను డాక్టరమ్మగారూ, నా ఊపిరున్నంత కాలం" అన్నాను.

"నా పేరెందుకు? వద్దు" అంది.

ఏదో మర్యాదకు అంటోందనుకున్నాను. కాని ఆవిడ మొహం అలా లేదు. కూర్చోమని మెట్టు చూపించింది.

"ఆ దినం మాస్టారడిగేరు కదా, మలేరియా దొరికింది కదండీ అని. నానూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. కొత్తగా ఒచ్చిన సంవత్సరం. కకిరిగుమ్మ అవతల కొండల్లోంచి ఒక తండ్రి కూతుర్ని కావిట్లో కూకోబెట్టుకుని తెచ్చేడు. ఒక బుట్టలో పిల్ల, రెండో బుట్టలో బరువుకి రాళ్ళు. రక్తం సూసేను, పురుగుంది. దొరికిందని సంబరపడిపోయేను. క్వినైనిచ్చేను. పిల్ల తొంగుంటానే ఉంది, నాను మందు పని సేస్తన్నాదని తండ్రికి సెప్తానే ఉన్నాను. నీరు తియ్యాలని తోసీసరికి ఆలీసం అయిపోనాది. ఆ పిల్ల పోయిన పొద్దున్న గొట్టంలో సూస్తే, గూడు కట్టి ఉన్నాది."

మైక్రోస్కోపు అద్దాన్ని కొంగుతో తుడిచింది.

"తండ్రి నన్నొక మాట అనలేదు. కావిట్లో రాళ్ళు తీసి పారేసి, పిల్లని భుజానేసుకుని ఎల్లిపోయేడు. ఎళ్ళేముందు నాకు దణ్ణం కూడా పెట్టేడమ్మీ. అప్పట్నుంచి రక్తంలో ఏది కనబడినా నాను ఆగలేదు. నీ కొడుకుని బతికించింది నా కన్ను కాదు, ఆ పిల్ల. పేరు తలుచుకోవాలనుంటే ఆ పేరు తలుచుకో. నాది ఎక్కడా ఎత్తకు."

ఆ పేరు చెప్పింది. బుద్రి. ఆ కొండల్లో ఏ వారం పుడితే ఆ వారం పేరే పెడతారు. బుధవారం పుట్టింది కాబట్టి బుద్రి.

ఆనాటి నుంచి ఆ పేరు నా ప్రార్థనలో ఉంది, నా బిడ్డల పేర్ల పక్కనే. నిన్న రాహేలక్క వెళ్ళిపోయాక ఒక్కదాన్నే కూర్చుంటే ఆలోచన వచ్చింది. ఆ తండ్రి ఈపాటికి ఉండి ఉండడు. గుర్తుంచుకున్న డాక్టరమ్మా పోయింది. నా తరవాత ఆ పేరు పలికేవాళ్ళు ఎవరు?

అందుకే ఇది రాశాను. ఇది చదివిన మీరు నా మాట మన్నించి ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చి తగ్గినప్పుడు, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుని హమ్మయ్య అనుకున్నప్పుడు, ప్రార్థన అలవాటున్నా లేకపోయినా, కకిరిగుమ్మ అవతల ఒక బుధవారం పుట్టిన ఆ పిల్లను ఒక్కసారి తలుచుకోండి. బుద్రి.